ముద్ర లేని మీటరు

71వ రోజు

కృతజ్ఞతలు రాసుకోమని ఇచ్చిన పుస్తకం ఇది. నేను అనుమానాలు రాసుకుంటున్నాను. పుస్తకం వాళ్లది, పెన్సిలూ వాళ్లదే. బుర్ర మాత్రం నాది.

ముందు గోడ మీది చెవి సంగతి. కంచం అంత రాగి రేకు, నిండా చిల్లులు, పైన రెండు బల్బులు. రోజూ పొద్దున్న, రాత్రంతా పొగమంచు పట్టిన మంచువలలు పిండి, నీళ్లు తొట్టిలో పోశాక ఒక్కొక్కరం ఆ చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాం. ఆ చెవికి మూడు కృతజ్ఞతలు చెప్పాలి. మూడూ మనసులోంచి వస్తే పచ్చలైటు వెలుగుతుంది, గోడ లోపల గవ్వ పడ్డ చప్పుడవుతుంది. ఒక్కటి అబద్ధమైనా ఎర్రలైటే. గొంతులో నిజాన్ని కొలిచే యంత్రమట. గవ్వను ఎవరి సీసాలో వాళ్లకి అదే వేస్తుందట. నూరు రోజుల్లో అరవై గవ్వలు పడాలి.

పడకపోతే ఏమవుతుందో పడవ దిగిన రోజే చెప్పారు. నూరో రోజున వైద్యుల బృందం అదే పడవలో తిరిగి వస్తుంది. అరవై ఉన్నవాళ్లు ఇంటికి. లేనివాళ్లకి చెవి వెనక శాశ్వత గింజ. ఇక దాన్ని తియ్యరు. బతికినన్నాళ్లూ ఊరటగానే ఉంటారు.

ఊరట గింజ ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పాలా? తేలూరులో తెప్పల మీద కాపురం పెట్టిన కొత్తలో, నిద్ర పట్టని వాళ్లకి ఆసుపత్రిలో ఇచ్చేవారు. నాకూ ఇచ్చారు. ఆరు నెలల్లో తీయించుకోమన్నారు. నేను ఆరేళ్లు ఉంచుకున్నాను. గింజ ఉంటే దేనికీ లోటుండదు. ఆ మత్తులోనే ఏడో వరుస ట్యాంకు ఖాళీగా ఉందని కళ్లారా చూసి కూడా నిండుగా ఉందని సంతకం పెట్టాను. నలభై ఇళ్లకి రెండు రోజులు చుక్క నీరు లేదు. మా గౌరత్త వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. నేను పద్దెనిమిదేళ్లుగా నీటి మీటర్ల తనిఖీ చేసే మనిషిని. సంతకం పెట్టాక హాయిగా ఇంటికెళ్లి భోంచేశాను. ఆ తర్వాతే నా గింజ తీసేసి, మాన్పించే ఈ ఇంటికి పంపారు.

ఇప్పటికి నా గవ్వలు నలభై ఒకటి. మీటరు చెప్పే లెక్క కాదు, నేను విన్న లెక్క.

చెవి అంచు చుట్టూ వేలు పెట్టి తడిమాను. సీసపు ముద్ర లేదు. పరీక్ష చేసిన తేదీ లేదు. ముద్ర లేని మీటరును నేను ఏ గుమ్మంలోనూ ఒప్పుకోలేదు.

74వ రోజు

మా పనిలో ముందు కుళాయి కట్టేసి చూస్తాం. నీళ్లు పారకుండానే ముల్లు కదిలితే ఆ మీటరు దొంగది. ఇవాళ గదిలోకి వెళ్లి నోరు విప్పకుండా కూర్చున్నాను. ఏ లైటూ వెలగలేదు. సరే, మొదటి పరీక్ష నెగ్గింది.

తర్వాత అబద్ధం. "ఇక్కడ పెట్టే నాచు పచ్చడికి కృతజ్ఞురాలిని" అన్నాను. మాట పూర్తవకుండానే ఎర్రలైటు. అదీ నెగ్గింది. నాకెందుకో నచ్చలేదు.

77వ రోజు

తప్పు దొరికింది.

నిన్న నేను చెప్పిన మూడు మాటలు ఇవి. మంచువలలో నీళ్లు బాగా పడ్డాయి. నా చెవి వెనక దురద రెండు గంటలపాటు రాలేదు. నా గదిలో పడుకునే పైడితల్లి రాత్రి గురక పెట్టలేదు. మూడో మాట దగ్గర చెవి లోపల ఏదో చప్పుడైంది. నవ్వు ఆపుకున్నట్టు. తర్వాత పచ్చలైటు.

ఇవాళ అవే మూడు మాటలు, అదే గొంతుతో, అక్షరం మార్చకుండా చెప్పాను. ఎర్రలైటు. ఒకే గొట్టం, అవే నీళ్లు, రెండు రీడింగులు. ఇలాంటి మీటరును అక్కడికక్కడే పీకించి సముద్రంలో వేయిస్తాను నేను.

పైడితల్లికి చెప్పాను. ఆ పిల్లకి ఇరవై మూడేళ్లు. ఈ ఇల్లు తేలే తెప్పల అడుగున పట్టిన చిప్పలు గీకే పని మా ఇద్దరిదీ. గీకేటప్పుడు దొరికిన చిన్న గవ్వలకి సూదితో చిల్లు పొడిచి, దారానికి గుచ్చి చేతికి కట్టుకుంటుంది. దాని మీద కూడా ఒకప్పుడు నాకు అనుమానం కలిగింది, గవ్వలో గింజ దాచిందేమోనని. ఒకటి పగలగొట్టి చూశాను. గవ్వే.

"రత్నమక్కా, నీకు అన్నం పెట్టినోడి మీద కూడా అనుమానవేనా? బియ్యం ఎక్కడివని అడుగుతావు" అంది నవ్వుతూ.

"అడిగితే తప్పేంటే?"

"తప్పు నేదు. ముద్ద సల్లారిపోద్ది, అంతే."

80వ రోజు

నలభై ఏడు.

ఈ ఇంటికి ఒడ్డు అని పేరు పెట్టారు. చుట్టూ చూస్తే కనుచూపు మేరలో ఒడ్డు లేదు. పేరులోనే మోసం ఉన్నచోట ఇంకేం నమ్మాలి?

నా ఆలోచన ఇది. అది కొలిచే యంత్రం కాదు, వినే యంత్రం. మా మాటలు ఎక్కడికో పోతున్నాయి. మా గొంతులు పట్టి, వాటితోనే కొత్త గింజలు తయారు చేస్తున్నారేమో! లేకపోతే ఇంతమంది తాగుబోతుల్లాంటి వాళ్లం రోజూ కన్నీళ్లతో చెప్పే మాటలు ఎవరికి కావాలి?

ఇది రాస్తుంటే చెవి వెనక ఒకటే దురద. గింజ తీసిన చోట చిన్న గుంట ఉంది. వేలు దానంతట అదే అక్కడికి పోతుంది. నిజం చెప్పాలంటే, శాశ్వత గింజ అనే మాట వింటే భయమూ వేస్తుంది, నోరూ ఊరుతుంది. రెండోదానికే ఎక్కువ భయం.

84వ రోజు

ఇంకో మనిషిని కనిపెట్టాను. అప్పలనరసమ్మ. అరవై దాటిన మనిషి, ఊడుస్తుంది, తాళ్లు చుడుతుంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. పొద్దున్న మేం చెవి గది ముందు వరస కట్టేసరికి ఆవిడ తువ్వాలు తల మీద కప్పుకుని తాళ్లకొట్టులోకి పోతుంది. లోపల గడియ వేసుకుంటుంది. మా వరస అయిపోయాక బయటికొస్తుంది. అప్పుడు కళ్లు చింతనిప్పుల్లా ఉంటాయి.

ఊరటకి మొదటి గుర్తు ఎర్రకళ్లు. ఆ సంగతి ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు, పిల్లలు ఇక్కడ లేరు గానీ.

మమ్మల్ని మాన్పించే ఇంట్లో మత్తు వాడే మనిషి. దొంగచేతికి తాళాలు ఇవ్వడం అంటే ఇదే.

88వ రోజు

యాభై రెండు.

ఇవాళ పరీక్ష చెయ్యాలని వెళ్లలేదు. రాత్రి గౌరత్త కలలోకి వచ్చింది. చెవి ముందు కూర్చోగానే ఆవిడ మాటే నోటికొచ్చింది. ట్యాంకు సంగతి బయటపడ్డాక వరుసలో ఎవరూ నా గుమ్మం తొక్కలేదు. మా ఆయన కూడా మొహం తిప్పుకుని వాళ్ల తమ్ముడి తెప్పకి వెళ్లిపోయాడు. నీళ్లు ఆగిన మూడో రోజున గౌరత్త వచ్చింది. నా వల్ల కళ్లు తిరిగి పడిన మనిషి, చేతిలో చెంబెడు నీళ్లతో. "నీకూ రెండ్రోజులై నీళ్లు నేవు కదే" అంది. నిజమే. నాదీ ఏడో వరుసే. గింజ మత్తులో నా దాహం నాకే తెలియలేదు.

ఆ చెంబుకి కృతజ్ఞురాలిని అన్నాను. ఆవిడ తిట్టనందుకు, తర్వాత బాగా తిట్టినందుకు కూడా అన్నాను. ఏడిచాను, సిగ్గు లేకుండా.

చాలాసేపు లైటు వెలగలేదు. నేను పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. అప్పుడు చెవి లోపల ఎవరో దగ్గారు. చిన్న దగ్గు, గొంతులో అడ్డం పడినట్టు. ఆ తర్వాత పచ్చలైటు, గవ్వ చప్పుడు.

యంత్రానికి దగ్గు రాదు. నా కన్నీళ్లను అటువైపు కూర్చుని ఎవరో వింటున్నారు. ఒళ్లంతా మండిపోయింది. బట్టలు మార్చుకుంటుంటే కిటికీలోంచి చూసినట్టు.

94వ రోజు

భోజనాల గది గుమ్మం పక్కన ఫిర్యాదుల డబ్బా ఉంది. పేరు రాయనక్కర్లేదు. ఇవాళ చీటీ వేశాను. "అప్పలనరసమ్మ ఊరట వాడుతున్నది. రోజూ పొద్దున్న తాళ్లకొట్టులో. కళ్లు పరీక్షించగలరు." చెవిలో దగ్గు సంగతి రాయలేదు. ముందు చిన్న చేపను పడితే పెద్దది అదే బయటపడుతుందనుకున్నాను.

97వ రోజు

నిన్న ఫిర్యాదుల డబ్బా తెరిచారు. తెల్లారేసరికి తాళ్లకొట్టుకి తాళం. అప్పలనరసమ్మను వెనక గదిలో పెట్టారు. ఫిర్యాదు వస్తే ఎవరినైనా సరే మూడు రోజులు విడిగా ఉంచి పరీక్షించాలి. అది ఇక్కడి కట్టుబాటు.

నా మాట నిలబడిందని సంతోషంగా వెళ్లి చెవి ముందు కూర్చున్నాను. మూడు మాటలు చెప్పాను. లైటు లేదు. పచ్చా లేదు, ఎరుపూ లేదు. నా తర్వాత వెళ్లినవాళ్లకీ లేదు. పదకొండు మందిమి. ఒక్కరికీ లేదు.

నాకు నిన్నటికి యాభై ఎనిమిది. పైడితల్లికి యాభై తొమ్మిది.

98వ రోజు

ఇవాళా లేదు.

పర్యవేక్షకులు జోగేశ్వరరావు గారు యంత్రానికి మరమ్మతు జరుగుతోందన్నారు. మరమ్మతు చేసే మనిషి ఎవరూ రాలేదు. ఒక్క మర విప్పిన జాడ లేదు. పైడితల్లి మధ్యాహ్నం తినలేదు.

"ఒక్కటంటే ఒక్క గవ్వ అక్కా. మళ్లీ గింజ పెట్టీసినారంటే నానింక నాను కాదు. మా అమ్మ సచ్చిపోయినపుడు కూడా నాకు ఏడుపు రానేదు తెల్సా? గింజ ఉండిపోయింది. ఇప్పుడిప్పుడే వస్తంది."

అప్పలనరసమ్మను ఎత్తేసిన రోజే మీటరు ఆగిపోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి తనిఖీ ఉద్యోగమే చెయ్యనక్కర్లేదు.

99వ రోజు

పొద్దున్నే వరస కట్టకముందు తాళ్లకొట్టు వెనక్కి వెళ్లాను. తాళం ముట్టుకోలేదు. తలుపు బందులకున్న మరలు విప్పాను. పద్దెనిమిదేళ్లుగా ఈ కొంగుకి మరలు తిప్పే ఒక చిన్న ఇనపపుల్ల ముడేసి ఉంటుంది, చేరేటప్పుడు ఎవరూ వెతకలేదు.

లోపల తాళ్లు. తాళ్ల వెనక, చెవి గదికి అవతలివైపు, ఒక ముక్కాలిపీట. గోడకి అదే రాగి రేకు, వెనక వైపు. పక్కన రెండు మీటలు, ఒకదాని మీద పచ్చరంగు, ఇంకోదాని మీద ఎర్రరంగు. అంతే. కొలిచేది ఏదీ లేదు. ఇంకెక్కడికీ పోయే తీగ లేదు. పీట మీద తడిసి ఆరి గట్టిపడిన తువ్వాలు. కళ్లు తుడుచుకున్న తువ్వాలు.

బల్ల మీద పదకొండు సీసాలు, పేర్లు రాసి. నా సీసా బోర్లించి లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. యాభై ఎనిమిదే. నా పుస్తకంలో ఎంతుందో అంతే, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. అవే మాటలు రెండోసారి ఒప్పజెప్పిన రోజుకి గవ్వ లేదు. గౌరత్త చెంబు రోజుకి ఉంది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఇంత సరిగ్గా నడిచే మీటరును నేను చూడలేదు. దాని మీదే ఫిర్యాదు రాశాను. అక్కడే కూలబడి ఏడిచాను.

పక్కన డబ్బా నిండా గవ్వలున్నాయి. రెండు తీసి నా సీసాలో వేసుకుంటే అడిగేవాళ్లు లేరు. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది.

అప్పుడే అవతల గదిలో తలుపు చప్పుడైంది. పైడితల్లి.

"లైటు రాదని తెల్సు. అయినా సెప్తాను" అంది. "అమ్మ గుర్తొచ్చి నిన్న ఏడుపొచ్చింది. అందుకు. చిప్పలు గీకినపుడు సెయ్యి తెగింది, నొప్పి తెలిసింది. అందుకు. మూడోది, మా రత్నమక్క. రాత్రి నాను నిద్దర్లో ఏడిస్తే దుప్పటి కప్పుద్ది. పొద్దున్న అడిగితే నాను కప్పలేదంటాది. అబద్దాలకోరు."

నిజమే, కప్పాను. ఆ పిల్ల చూసిందని తెలియదు.

ఇది నిజమా అబద్ధమా అని కొలవడానికి నా దగ్గర ఏ పరికరమూ లేదు. అక్కర్లేదు కూడా. పచ్చమీట నొక్కాను. పైడితల్లి సీసాలో గవ్వ వేశాను. నా సీసా ముట్టుకోకుండా బయటికొచ్చి మరలు బిగించాను.

మిగతా వాళ్లకి ఎందుకు నొక్కలేదని ఈ పుస్తకం అడిగితే చెబుతున్నాను. ఇద్దరికి అరవై ఎప్పుడో దాటాయి, మిగిలినవాళ్లు ఈ పడవలో వచ్చినవాళ్లు కాదు, వాళ్ల నూరో రోజుకి ఇంకా నెలలున్నాయి. అదీ కాక, ఇంకొక్కరి మాట వినే శక్తి నాకు లేదు. అప్పలనరసమ్మ రోజూ పదకొండు మందిని వింటుంది.

సాయంత్రం జోగేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి తలుపు మరలు విప్పిన సంగతి, మీట నొక్కిన సంగతి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు.

"మొదట్లో మనుషుల్నే ఎదురుగా కూర్చోబెట్టామండి. ఒక్కరు నోరు విప్పలేదు. యంత్రమని చెప్పాక మాట్లాడారు. పుట్టిందగ్గర్నుంచి యంత్రాలకే చెప్పుకోడం అలవాటు కదా మనకి. అప్పలనరసమ్మ పదకొండేళ్లు గింజతో బతికిన మనిషి. అబద్ధం గొంతు ఇట్టే పట్టేస్తుంది."

"పరీక్షలో ఏం తేలింది?"

"ఏముంటుంది? ఏడ్చిన కళ్లు. రేపు పొద్దున్న వస్తుంది." లెక్కల కాగితం ముందుకు లాక్కున్నారు. "నూకరత్నం గారూ, మీ ఆఫీసులో మీటరు ఆగిపోయిన రోజులకి ఏం వేస్తారు?"

"సగటు."

"చివరి పది రోజుల్లో మీకు ఏడు పచ్చలైట్లు. మూడు రోజులకి సగటున రెండు వేసుకోవచ్చు. అరవై అవుతాయి."

ఆ మాట పట్టుకుని లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ నా నోరు ఊరుకోదు కదా.

"సగటుకి ఇంకో నియమం ఉందండి. నీళ్లు వాడుకునే మనిషే మీటరు ఆపితే సగటు వర్తించదు. ఆ చీటీ నేనే రాశాను."

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టారు. "రేపు ఒకటి వచ్చినా మీకు యాభై తొమ్మిదే" అన్నారు.

"లెక్క నాకు తెలుసండి."

100వ రోజు

చెవి ముందు కూర్చున్నాను. అవతల పీట కిర్రుమంది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు గోడ చెక్కదనుకున్నాను.

"అప్పలనరసమ్మ గారూ, మీ మీద చీటీ వేసింది నేనే. అయినా ఇవాళ వచ్చి కూర్చున్నందుకు కృతజ్ఞురాలిని. నా సీసాలో గవ్వలు సరిగ్గా ఉన్నందుకు కృతజ్ఞురాలిని." అంతటితో లేవబోయాను.

నూరు రోజుల్లో మొదటిసారి చెవి మాట్లాడింది.

"రెండే సెప్పినావు. మూడోది సెప్పు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "రెండింటితో వదిలెయ్యనందుకు" అన్నాను.

పచ్చలైటు. గవ్వ చప్పుడు. యాభై తొమ్మిది.

బయట పైడితల్లి నిలబడి ఉంది. "ఎన్ని?" అంది. చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టేసుకుంది. నేను తన చెయ్యి వదిలించుకుని వెళ్లి మూట సర్దుకున్నాను. ఈ పుస్తకం మూటలో అడుగున పెట్టాను. గింజ పెట్టాక దీన్ని చదివితే నాకు నవ్వొస్తుందేమో, అది కూడా రాదేమో.

మధ్యాహ్నం పడవ వచ్చింది. వైద్యులు ముగ్గురు బల్ల ముందు కూర్చున్నారు. తెల్లగుడ్డ మీద గింజల పెట్టె తెరిచి ఉంది. నాలో సగం దాన్నే చూస్తోంది. సీసాలు పళ్లెంలో పెట్టి తీసుకొచ్చే పని అందరిలోకీ చిన్నదని పైడితల్లికి ఇచ్చారు. అప్పలనరసమ్మ చీపురు పట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది.

సీసా బోర్లించి ఎవరి గవ్వలు వాళ్లే లెక్కపెట్టి, కాగితం మీద సంఖ్య వేసి సంతకం చెయ్యాలి. నా వంతు వచ్చింది. పదేసి చొప్పున కుప్పలు పెట్టాను. ఆరు కుప్పలు వచ్చాయి.

అరవై.

మళ్లీ లెక్కపెట్టాను. ఆరో కుప్పలో ఒక గవ్వకి సూదితో పొడిచిన చిల్లు ఉంది. తలెత్తి చూశాను. పైడితల్లి చేతికున్న దారం వదులైంది, గవ్వల మధ్య ఒకచోట ఖాళీ కనిపిస్తోంది. నేను చూస్తున్నానని తెలిసి ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

బల్ల పక్కనే నిలబడ్డ జోగేశ్వరరావు గారికి లెక్క తెలుసు. అప్పలనరసమ్మకు ఇంకా బాగా తెలుసు, ఆవిడ చేత్తో వేసిన గవ్వలవి. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ దగ్గింది. చిన్న దగ్గు. తర్వాత గుమ్మం ఊడవడం మొదలుపెట్టింది.

"సరిపోయాయా అమ్మా?" అన్నాడు బల్ల వెనక వైద్యుడు.

అడగాల్సింది చాలా ఉంది. చిల్లు గవ్వ చెల్లుతుందా, ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, సాక్షులెవరు. అలవాటుగా అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ముద్ద చల్లారిపోతుందన్న మాట గుర్తొచ్చింది.

"సరిపోయాయండి" అన్నాను.

పడవలో కూర్చుని ఇది రాస్తున్నాను. పైడితల్లి నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది, గురక పెడుతోంది. ఈ ఉద్యోగంలో నేను రెండుసార్లు తప్పు రీడింగుకి సంతకం పెట్టాను. మొదటిసారి మత్తులో. రెండోసారి ఇవాళ, పూర్తి తెలివితో.